ఏప్రిల్ ఉక్కపోతలో వెన్న పొరలు: శ్రీకాకుళంలో 120 పఫ్‌ల ప్రాజెక్టు డైరీ

విందుకు 12 రోజుల ముందు: లెక్కలు

విందుకు వచ్చేది 60 మంది. మనిషికి రెండు చొప్పున 120 పఫ్‌లు. సగం పనసపొట్టువి, సగం రొయ్యలవి. మిగిలిన తరుగుతో నువ్వుల పుల్లలు. అంతా ఇంట్లోనే, ఒక్క ఓటీజీలోనే (బల్ల మీద పెట్టుకునే చిన్న కరెంటు ఓవెన్).

చోటు శ్రీకాకుళం, నెల ఏప్రిల్. అసలు కష్టం అక్కడే ఉంది. మధ్యాహ్నం వంటింట్లో థర్మామీటరు 34 డిగ్రీలు చూపిస్తోంది, తెల్లవారుజామున నాలుగున్నరకి 27. వెన్న 32 నుంచి 35 డిగ్రీలకల్లా పూర్తిగా కరిగిపోతుంది. 20 దాటిందంటేనే చేతికి జిడ్డుగా అంటుకోవడం మొదలవుతుంది. పఫ్ పొరలు విచ్చుకోవాలంటే, ఓవెన్‌లోకి వెళ్లేదాకా ఆ వెన్న పిండిలోకి ఇంకిపోకుండా విడి పొరగానే ఉండాలి.

మైదా ముద్దకీ వెన్నకీ మధ్య జరిగేది ఇదీ: ఓవెన్ వేడికి ముద్దలోని నీరు, వెన్నలోని నీరు ఆవిరైపోతాయి. వెన్నలో సుమారు 16 శాతం నీరే. ఆ ఆవిరి పైపొరని ఎత్తుతుంది. మధ్యలో వెన్న ఉంది కాబట్టి కింది పొర, పై పొర అతుక్కోవు. ఎత్తిన పొర ఎత్తినట్టే వేగి బిగుసుకుంటుంది. మడత కాజా చేసిన చేతికి సగం సంగతి తెలిసినట్టే. అక్కడ నెయ్యి, బియ్యప్పిండి కలిపి పూసి చుడతాం, పొరలు నూనెలో విడతాయి. అలాగని పఫ్‌కి నెయ్యి వాడితే కుదరదు. నెయ్యిలో నీరు ఉండదు, పైగా ఈ నెలలో అది డబ్బాలోనే నీళ్లలా ఉంటుంది.

బేకరీలు పఫ్ మార్జరిన్ (వెన్నకి బదులుగా నూనెలతో చేసే గట్టి కొవ్వు) వాడడానికి కారణమూ ఈ వేడే. దాని కరిగే స్థాయి 40 పైన ఉంటుంది కాబట్టి బట్టీ పక్కన బల్ల మీద కూడా పొర చెదరదు. అయితే నోటి వేడికి కరగదు, అంగిలికి మైనంలా అంటుతుంది. వెన్న నోట్లో కరిగిపోతుంది. తినేవాళ్లకి ఆ తేడా మొదటి ముక్కలోనే తెలుస్తుంది కాబట్టి కష్టమైనా వెన్నే ఖాయం చేశాం.

ఒక వాయి ముద్దకి కొలతలు:

మైదా 500 గ్రాములు
చల్లటి నీళ్లు 250 మి.లీ. (ఫ్రిజ్‌వి)
ముద్దలో కలపడానికి వెన్న 50 గ్రాములు
పొరకి వెన్న 350 గ్రాములు
నిమ్మరసం 1 టీస్పూను
ఉప్పు 3 గ్రాములు

ఉప్పు ఇంత తక్కువేమిటంటే, మన దుకాణాల్లో దొరికే వెన్న ఎక్కువగా ఉప్పు వేసినదే. అదే 400 గ్రాములు పడుతోంది. ఉప్పు లేని వెన్న దొరికితే ముద్దలో 10 గ్రాములు వేయాలి. నిమ్మరసం వల్ల ముద్ద రబ్బరులా వెనక్కి లాగకుండా సాగుతుంది, రెండు రోజులు ఫ్రిజ్‌లో ఉన్నా బూడిద రంగు తేలదు.

వాయి మొత్తం దాదాపు 1,150 గ్రాములు. 3 మి.మీ. మందాన పరిచి 8 సెం.మీ. చదరాలు కోస్తే ముక్కకి 21 నుంచి 22 గ్రాములు, అంచుల తరుగు పోను వాయికి 46 లేదా 47. మూడు వాయిలు చేస్తే 120కి పోను పగిలినవాటికీ, చిరిగినవాటికీ కొంత వెసులుబాటు ఉంటుంది.

11 రోజుల ముందు: మొదటి నమూనా, సగం వాయి

మధ్యాహ్నం మూడింటికి చేశాం. ఏ వేళ పనికిరాదో ముందే తేల్చుకోవడానికి కావాలనే ఆ వేళ పెట్టుకున్నాం. రెండో మడతకే వెన్న అంచుల్లోంచి బయటికి వచ్చింది. ఫ్రిజ్‌లో పెట్టి, తీసి, ఎలాగో నాలుగు మడతలు పూర్తిచేశాం. కూర పెట్టకుండా ఉత్త చదరాలు కాల్చాం. ట్రే నిండా వెన్న మడుగు కట్టింది. ఎత్తు ఒక సెంటీమీటరు కూడా రాలేదు. కోసి చూస్తే లోపల పొరలు లేవు, బిస్కత్తులా పలుకుగా ఉంది. వెన్న పిండిలో కలిసిపోయిందనడానికి అదే గుర్తు.

ఇంకో తప్పు కూడా బయటపడింది. ఓటీజీ డయల్ 200 మీద ఉంటే లోపల పెట్టిన ఓవెన్ థర్మామీటరు 170 చూపించింది. వేడి చాలకపోతే ఆవిరి పుట్టేలోపే వెన్న కరిగి కారిపోతుంది. అంటే మడుగుకి కారణాలు రెండు: వంటింటి వేడి ఎక్కువ, ఓవెన్ వేడి తక్కువ. రెండూ ఒకేసారి మారిస్తే దేని వల్ల బాగుపడిందో తెలియదు. కాబట్టి తర్వాతి నమూనాకి ఓవెన్ ఒక్కటే సరిచేస్తాం. ఈ ఓటీజీకి 210 కావాలంటే డయల్ 240 మీద పెట్టి 20 నిమిషాలు ఆగాలి.

10 రోజుల ముందు: రెండో నమూనా

అదే ముద్ద, అదే మధ్యాహ్నం, ఓవెన్ సరైన 210లో. మడుగు సగానికి తగ్గింది. పొరలు మాత్రం రాలేదు. ఓవెన్ వాటా ఎంతో, వంటింటి వాటా ఎంతో తేలిపోయింది.

9 రోజుల ముందు: మూడో నమూనా, తెల్లవారుజామున

వేడి భయంతో ఈసారి అటు చివరకి వెళ్లాం. వెన్న దిమ్మని రాత్రంతా ఫ్రీజర్ కింది అరలో ఉంచి, తీసిన వెంటనే ముద్దలో పెట్టి కర్ర ఆడించాం. లోపల టకటకా విరిగిన చప్పుడు వచ్చింది. పరిచాక చూస్తే ఎండిన చెరువు అడుగులో నెర్రెల్లా వెన్న పలకలు పలకలుగా పైకి కనిపించింది. పలక ఉన్నచోట పొంగింది, పలకకీ పలకకీ మధ్య అట్టలా మిగిలింది.

ఈ పనికి కీలకం ఏమిటో ఈ నమూనాతో స్పష్టమైంది. చల్లగా ఉంటే చాలదు, *వెన్న, ముద్ద ఒకే మెత్తదనంలో ఉండాలి*. కర్ర కింద రెండూ కలిసి సాగాలి. ముద్ద మెత్తగా, వెన్న గట్టిగా ఉంటే వెన్న విరుగుతుంది. వెన్న మెత్తగా, ముద్ద బిగువుగా ఉంటే వెన్న జారి అంచుల్లోకి చేరుతుంది. మాకు కుదిరింది రెండూ 14, 15 డిగ్రీల దగ్గర. థర్మామీటరు లేనివాళ్లకి ఒక పరీక్ష ఉంది: వెన్న దిమ్మని గట్టు అంచు మీద పెట్టి వంచితే విరగకుండా వంగాలి, బొటనవేలితో నొక్కితే గుంట పడాలి, వేలికి జిడ్డు అంటకూడదు.

8 రోజుల ముందు: సరంజామా

చపాతీ కర్ర దీనికి పనికిరాదు. నడుమ లావు, చివర్లు సన్నం కాబట్టి పరిచిన రేకు మధ్యలో పలచన, అంచుల్లో దళసరి అవుతుంది. చివరిదాకా ఒకే లావున్న 40 సెం.మీ. కర్ర తెచ్చాం. వడ్రంగి దగ్గర 3 మి.మీ. ప్లైవుడ్ పట్టీలు రెండు కోయించి, ముద్దకి అటూ ఇటూ పెట్టాం. కర్ర ఆ పట్టీలకి తగిలిందంటే మందం సరిపోయినట్టే. ఇంత చిన్న వస్తువు ఇంత మేలు చేస్తుందని అనుకోలేదు: పఫ్‌లన్నీ ఒకే ఎత్తు పొంగుతున్నాయి, ఒకే సమయానికి ఎర్రబడుతున్నాయి.

గట్టు గ్రానైట్‌ది. టెక్కలి వైపు క్వారీల్లో తీసే నీలిరాయి, ‘శ్రీకాకుళం బ్లూ’. రాయి చల్లన అనుకుంటాం గానీ ఏప్రిల్ పగలు దాని మీద చెయ్యి పెడితే తెలుస్తుంది. పని మొదలుపెట్టే ముందు ఐసు నింపిన స్టీలు ట్రేని 15 నిమిషాలు దాని మీద ఉంచి, తీశాక పొడిగుడ్డతో రెండుసార్లు తుడవాలి. చెమ్మ మిగిలితే ముద్ద రాయికి అంటుకుని పై పొర చిరుగుతుంది.

కరెంటు పోతే ఎలా అన్నది రెండో భయం. చేపలకి వాడే థర్మోకోల్ పెట్టె కొత్తది ఒకటి తెచ్చి, నీళ్ల సీసాలు నాలుగు ఫ్రీజర్లో గడ్డకట్టించి ఉంచాం. ముద్దని రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టే పెట్టాలి. ఐసు చెమ్మ తగిలిన ముద్ద జిగురెక్కుతుంది.

7 రోజుల ముందు: నాలుగో నమూనా, కుదిరింది

గంటల వారీగా రాసుకున్నది:

రాత్రి 9:00. మైదాలో ఉప్పు, 50 గ్రాముల వెన్న పొడిపొడిగా కలిపి, నీళ్లు, నిమ్మరసం పోసి ముద్ద చేశాం. రెండు నిమిషాలకి మించి పిసకలేదు. చపాతీ పిండిలా మర్దిస్తే బిగువెక్కి తర్వాత పరవనివ్వదు. పైన గరుకుగా ఉన్నా ఫర్వాలేదు, రాత్రంతా నానితే నున్నబడుతుంది.

9:20. 350 గ్రాముల వెన్నని రెండు బటర్ పేపర్ల మధ్య కొట్టి 18 సెం.మీ. చదరం చేశాం, మందం సెంటీమీటరు పైచిలుకు. ఫ్రిజ్‌లోకి.

ఉదయం 4:30. ఈసరికి రెండూ బయటికి. ముద్ద త్వరగా మెత్తబడుతుంది, వెన్న ఆలస్యంగా. అందుకని వెన్నని ఆరేడు నిమిషాలు ముందు తీశాం.

4:40. ముద్దని 26 సెం.మీ. చదరంగా పరిచి, వెన్నని వాలుగా పెట్టి, నాలుగు మూలలూ కవరు మడిచినట్టు మధ్యకి తెచ్చి అతికించాం. సందు ఎక్కడ మిగిలినా వెన్న అక్కడినుంచే బయటికి వస్తుంది.

4:45. కర్రతో ముందు తట్టి తట్టి, తర్వాత పొడవుగా సాగదీసి మూడు మడతలు. అటు తిప్పి మళ్లీ పరిచి ఈసారి నాలుగు మడతలు, అంటే రెండు చివర్లూ నడిమికి తెచ్చి పుస్తకంలా మూయడం. ముద్ద గట్టు మీద ఉన్నది మొత్తం ఏడు నిమిషాలు. ఆ పైన వెన్న మెరవడం మొదలవుతుంది. మెరుపు కనిపిస్తే మడత సగంలో ఉన్నా సరే, ఫ్రిజ్‌లోకి పోవలసిందే.

5:45. గంట విశ్రాంతి తర్వాత మళ్లీ ఒక మూడు, ఒక నాలుగు.

లెక్క చూస్తే 3×4×3×4, అంటే 144 వెన్న పొరలు. మూడు మడతలు ఆరుసార్లు వేసే పాత పద్ధతిలో 729 వస్తాయి. మన వేడిలో అంత సన్నం పొర నిలవదు, వెన్న పిండిలో ఇంకిపోతుంది. కూర పెట్టే చిన్న పఫ్‌కి 144 చాలు. ప్రతి మడతకీ ముందు పొడిమైదా బ్రష్‌తో దులపాలి. మడతలో మిగిలిన మైదా పచ్చిగా, చేదుగా ఉండి పొరల్ని విడదీస్తుంది.

6:50. మూడు మిల్లీమీటర్లకి పరిచి, ఫ్రిజ్‌లో 20 నిమిషాలు ఉంచి, అప్పుడు కోత. విశ్రాంతి లేకుండా కోస్తే చదరం ఓవెన్లో ముడుచుకుని వంకర అవుతుంది. కత్తి పదునుగా ఉండాలి, పైనుంచి కిందికి ఒకే దెబ్బ. లాగి కోస్తే, మొద్దు కత్తితో నొక్కితే అంచుల్లో పొరలు కుట్టినట్టు అతుక్కుపోతాయి.

కాలితే నాలుగు సెంటీమీటర్ల ఎత్తు. ట్రేలో వెన్న చుక్కలే, మడుగు లేదు.

6 రోజుల ముందు: లోపలి కూర

సూత్రం ఒక్కటే. కూర పొడిగా ఉండాలి, పూర్తిగా చల్లారి ఉండాలి. తడి కూర అడుగు పొరని ఉడకబెడుతుంది, వేడి కూర పెట్టిన క్షణంలోనే వెన్నని కరిగిస్తుంది.

*పనసపొట్టు, జీడిపప్పు (60కి).* ఉద్దానం పనస ఇప్పుడు లేతగా వస్తోంది. కొట్టిన పొట్టు 600 గ్రాములు, పసుపు, ఉప్పు వేసి 12 నిమిషాలు ఉడికించి, గుడ్డలో వేసి చుక్క రాలనంతగా పిండాలి. నాలుగు చెంచాల నూనెలో ఆవాలు, ఎండుమిర్చి, అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు. పలాస జీడిపప్పు బద్ద 120 గ్రాములు దోరగా వేయించి, గోరంత ముక్కలు చేసి చివర్లో కలపాలి. గుండు పప్పు ఇక్కడ దండగ, రేకుని పొడుస్తుంది కూడా. చింతపండు గుజ్జు చిక్కటిది ఒక చెంచా, మూకుడు అంటుకునేదాకా వేపాలి. పోపులో శనగపప్పు మానేశాం. కూరలో బాగుంటుంది గానీ పఫ్‌లో రాయిలా పంటికి తగులుతోంది.

మా వైపు పనసపొట్టంటే ఆవ పెట్టాలి. పెట్టి చూశాం. ఓవెన్లో అరగంట ఉన్నాక ఆవ ఘాటు పూర్తిగా పోయింది, పిప్పి మాత్రం మిగిలింది. ఆవ ఘాటు వేడికి నిలవదు. అందుకని లోపల పెట్టడం మానేసి, పక్కన గిన్నెలో ఆవపెరుగు పెడుతున్నాం: గుడ్డలో వేలాడదీసిన గట్టి పెరుగు అరకిలో, తడి చేసి నూరిన ఆవాలు రెండు చెంచాలు, ఉప్పు, చిటికెడు పసుపు. పఫ్ కరకరలాడుతుంది, ఆవ ముక్కుకి తగులుతుంది. ఈ జోడీ ఈ మొత్తం పనిలో మాకు అన్నిటికన్నా నచ్చింది.

*రొయ్యలు (60కి).* వలిచి, నల్లటి నరం తీసిన చిన్న రొయ్యలు 500 గ్రాములు, బఠాణీ గింజంత ముక్కలు. పెద్ద ముక్కలయితే మూత విడుతుంది. ఉల్లితో కలిపి వేపితే రెండూ నీళ్లూరి పులుసవుతుంది. రొయ్యలు విడిగా పెద్దమంట మీద నీరు ఇగిరేదాకా, ఉల్లిపాయలు 350 గ్రాములు విడిగా ఎర్రబడేదాకా వేపి, అప్పుడు కలపాలి. కారం, ధనియాల పొడి, మిరియాలు, కొత్తిమీర. దించాక పుట్నాల పొడి మూడు చెంచాలు. తర్వాత ఊరే తడిని అది పీల్చుకుంటుంది, కూర ముద్ద కడుతుంది. చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టాలి. ఈ ఎండలో రొయ్యల కూర గట్టు మీద గంటకి మించి ఉంచకూడదు.

పఫ్‌కి 13 గ్రాముల కూర, అంటే నిండు టీస్పూను. 18 గ్రాములు పెట్టిన నమూనాలో సగానికి సగం పగిలాయి.

3 రోజుల ముందు, 2 రోజుల ముందు: మూడు వాయిలు, చుట్టడం

రోజూ తెల్లవారుజామున నాలుగింటికి మొదలు, ఏడున్నరకి ముగింపు. మొదటి రోజు రెండు వాయిలు, రెండో రోజు ఒకటి. ఒకటి ఫ్రిజ్‌లో ఉండగా ఇంకొకటి గట్టు మీద.

శాకాహారానివి ముక్కోణం, రొయ్యలవి దీర్ఘచతురస్రం. మన విందుల్లో ఇది చాలా ముఖ్యం. పళ్లెం చూడగానే, ఎవరినీ అడగక్కర్లేకుండా తెలియాలి. శాకాహారానివి ముందు చుట్టి, కాల్చి, తర్వాతే రొయ్యలవి. బ్రష్‌లు వేరు. పనసవాటికి పైపూత పాలు, మీగడ సమానంగా. రొయ్యలవాటికి గుడ్డు, ఒక చెంచా పాలు. గుడ్డు పూసినవి ఎక్కువ మెరుస్తాయి, మీగడవి మెరుపు తక్కువైనా రంగు బాగుంది.

అంచుకి నీళ్లు వేలితో పలచగా రాయాలి, ఎక్కువైతే జారుతుంది. మూసి, ముళ్లచెంచాతో నొక్కి, పైన చిన్న గాటు. గాటు లేకపోతే ఆవిరి తనకి తోచిన చోట దారి చేసుకుంటుంది. పైపూత కోసిన అంచుల మీదికి కారకూడదు. కారినచోట పొరలు అతుక్కుని పఫ్ ఒక పక్కకి ఒరుగుతుంది. మొదటి 12లో నాలుగు అలా ఒరిగాయి.

ట్రే మీద విడివిడిగా రెండు గంటలు గడ్డకట్టించాక డబ్బాల్లో, వరసకీ వరసకీ మధ్య బటర్ పేపరు. ముందే డబ్బాలో సర్దితే ఒకదానికొకటి అతుక్కుంటాయి. పైపూత ఇప్పుడు కాదు, కాల్చే ముందే.

తరుగుని ముద్దగా పిసకలేదు. ముక్కల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి, కర్రతో ఒకసారి పరిచి, నువ్వులు, వాము, కారం చల్లి, వేలెడు వెడల్పున కోసి మెలితిప్పాం. 200లో 14 నిమిషాలు. 40 పుల్లలు వచ్చాయి.

రెండో రోజు ఉదయం 5:50కి కరెంటు పోయి 40 నిమిషాలకి వచ్చింది. ముద్ద థర్మోకోల్ పెట్టెలో ఉంది, తీసి కొలిస్తే 9 డిగ్రీలు.

విందు రోజు

ఉదయం 6:00 నుంచి 10:50 దాకా పది ట్రేలు, ట్రేకి 12. ఫ్రీజర్ నుంచి తిన్నగా ఓవెన్‌లోకి, కరగనివ్వకూడదు. 210లో 12 నిమిషాలు, తర్వాత 180లో 15 నిమిషాలు. మొదటి 12 నిమిషాలు తలుపు తెరవకూడదు. ఎత్తు అప్పుడే వస్తుంది, తెరిస్తే వేడి పడిపోయి పఫ్ కూలుతుంది. ట్రేకీ ట్రేకీ మధ్య ఓవెన్ మళ్లీ 210 ఎక్కేదాకా ఆగాలి. మూడో ట్రేకి ఆగలేదు, అవి మిగతావాటికన్నా సెంటీమీటరు పొట్టి.

పైన ఎర్రబడింది కదా అని తీయకూడదు. ఒకటి తిరగేసి అడుగు చూడాలి. అడుగు తెల్లగా ఉంటే ఇంకో నాలుగు నిమిషాలు, పైన బటర్ పేపరు కప్పి.

తీసినవి తీగజాలీ మీద గంట. పనసవాటిని ఆ తర్వాత పేపరు పరిచిన అట్టపెట్టెల్లో, మూత కొద్దిగా తెరిచి ఉంచాం. రొయ్యలవి మాత్రం ఆరగానే ఫ్రిజ్‌లోకి, సాయంత్రం దాకా. హాట్‌ప్యాక్ జోలికి వెళ్లవద్దు. పూరీలకీ గారెలకీ అలవాటుగా అందులో సర్దేస్తాం, పఫ్ అందులో పావుగంటలో తన ఆవిరికే తడిసి తోలులా అవుతుంది. మైక్రోవేవ్ కూడా అంతే.

సాయంత్రం 6:15కి 170లో వెచ్చబెట్టడం. కాలినవి దగ్గరగా పెట్టవచ్చు కాబట్టి ట్రేకి 20. పనసవి 7 నిమిషాలు, ఫ్రిజ్‌లోంచి వచ్చిన రొయ్యలవి లోపలిదాకా వేడెక్కేలా 12 నిమిషాలు. పళ్లేల్లోకి ఒకేసారి అన్నీ వెళ్లకూడదు. ఈ సముద్రగాలికి గంటన్నరలో మెత్తబడతాయి, అందుకే ట్రే ఖాళీ అయ్యాకే ఇంకో ట్రే.

పనసవి 60కి 60 అయిపోయాయి, ఆవపెరుగు గిన్నె రెండోసారి నింపాం. రొయ్యలవి ఏడు, పుల్లలు పది మిగిలాయి. చుట్టకుండా మిగిలిన ముద్ద 380 గ్రాములు ఫ్రీజర్లో ఉంది. వాడే ముందురోజు రాత్రి ఫ్రిజ్‌లోకి దించాలి.